పడకలా, సిస్టర్లా, సాఫ్ట్‌వేరా: ఆసుపత్రి ప్లానింగ్‌కి ఏ లెక్క ఎంచుకోవాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనో గుంటూరు కొత్తపేటలోనో వంద, నూట యాభై పడకల ఆసుపత్రి నడిపేవాళ్లకి ఏడాదికోసారైనా ఈ చర్చ తప్పదు. ఐసీయూలో ఇంకో నాలుగు బెడ్లు వెయ్యాలా? సిస్టర్లని తీసుకోవాలా? పై అంతస్తు లేపాలా? చాలాచోట్ల మేనేజింగ్ డైరెక్టర్ (ఎండీ) గారి అంచనాతోనే విషయం తేలిపోతుంది. ఇరవై ఏళ్ల అనుభవాన్ని తీసిపారెయ్యలేం. కాకపోతే ఎంత అనుభవం ఉన్నవాళ్లైనా ఒకచోట బోల్తా పడతారు, సగటు దగ్గర. రోజుకి సగటున ఇంతమంది వస్తున్నారు, సగటున ఇన్ని రోజులు ఉంటున్నారు, కాబట్టి ఇన్ని బెడ్లు చాలు అనుకుంటారు. రోగులు సగటు చూసుకుని రారు.

ఈ ఎగుడుదిగుళ్లని లెక్కలోకి తెచ్చే విద్యే ఆపరేషన్స్ రీసెర్చ్. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బ్రిటన్‌లో రాడార్ల వాడకం మీద పనిచేసిన శాస్త్రవేత్తల చేతుల్లో దీనికి ఆ పేరు స్థిరపడింది. మన దేశంలో దీనికంటూ ఒక సొసైటీ 1957లోనే ఏర్పడింది. ఆసుపత్రుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అమ్మేవాళ్లు పెద్ద పెద్ద మాటలు చెబుతారు, కొనేవాళ్లు బెదిరిపోతారు. నిజానికి మన ముందున్న దారులు నాలుగైదే. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సైజు ఆసుపత్రుల్లో ఎక్కువమందికి కావలసింది ఖరీదైన సిమ్యులేషన్, అంటే ఆసుపత్రి నడకని కంప్యూటర్లో అనుకరించి చూడడం, కాదు. ఒక ఎక్సెల్ షీటు, అందులో నింపడానికి నిఖార్సైన టైములు చాలు.

నిష్పత్తి లెక్క: మొదలుపెట్టడానికి సరే

అందరికీ తెలిసిన దారి ఇదే. జనరల్ వార్డులో ఆరుగురు రోగులకి ఒక నర్సు, వెంటిలేటర్ మీద ఉన్న మనిషికి ఒక నర్సు. తనిఖీకి వచ్చేవాళ్లు అడిగేది కూడా ఇదే కాబట్టి దీన్ని తప్పించుకోలేం. అయితే ఈ లెక్క వేసేటప్పుడు చాలామంది సగంలోనే ఆపేస్తారు.

ముప్పై పడకల వార్డు తీసుకోండి. షిఫ్టుకి ఐదుగురు, మూడు షిఫ్టులకి పదిహేను మంది. ఇండెంట్‌లో (సిబ్బంది కావాలని పంపే కాగితం) పదిహేను అని రాసి పంపేస్తారు. ఒక పోస్టు ఏడాది పొడవునా ఖాళీ లేకుండా ఉండాలంటే 365 రోజులు, రోజుకి మూడు, మొత్తం 1095 డ్యూటీలు. ఒక సిస్టర్‌కి 52 వారపు సెలవులు పోతాయి. పండగలు, క్యాజువల్ లీవులు, జ్వరాలు కలిపి ఇంకో 30 పోతాయనుకుందాం. మిగిలింది 283. 1095ని 283తో భాగిస్తే ఒక్కో పోస్టుకి 3.87 మంది కావాలి. ఐదు పోస్టులకి పందొమ్మిది దాటుతుంది, అంటే ఇరవై మంది. నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో 30 శాతం లీవ్ రిజర్వు కలపమనేది ఇందుకే. పదిహేను మందితో నడిపే వార్డులో మిగిలిన ఐదుగురి పని ఎవరో చేస్తూనే ఉంటారు. డబుల్ డ్యూటీల రూపంలో, రద్దయిన ఆఫ్‌ల రూపంలో, చివరికి రాజీనామాల రూపంలో అది బయటపడుతుంది.

నిష్పత్తికి కనిపించనివి రెండున్నాయి. నిన్న పొట్ట ఆపరేషన్ అయిన మనిషీ, బిల్లు కట్టి ఇంటికెళ్లడానికి ఆటో కోసం చూస్తున్న మనిషీ దానికి ఒకటే. రాత్రి పదకొండుకి ఒకేసారి ముగ్గురు అడ్మిషన్ అయినా దానికి తెలియదు. కాబట్టి తనిఖీకీ బడ్జెట్‌కీ దీన్ని వాడండి. ఎన్ని బెడ్లు వెయ్యాలనే ప్రశ్నకి మాత్రం వాడకండి.

ఎర్లాంగ్ లెక్క: ఐసీయూ విషయంలో ముందు ఇదే

కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే ఇంజనీరు 1909లో ఫోన్ కాల్స్ రాక మీద తొలి పేపరు రాశాడు, 1917లో సూత్రం ఇచ్చాడు. ఎక్స్ఛేంజిలో ఇన్ని లైన్లుంటే ఎంతమందికి లైను దొరకదు అన్నది అతని ప్రశ్న. లైను బదులు ఐసీయూ బెడ్ అనుకోండి, లెక్క అచ్చం అదే. బెడ్ ఖాళీ లేకపోతే అంబులెన్స్ వేరే ఆసుపత్రికి వెళ్లిపోతుంది, మళ్లీ రాదు.

ఉదాహరణకి మీ ఐసీయూకి రోజుకి సగటున ముగ్గురు వస్తారు, ఒక్కొక్కరు సగటున నాలుగు రోజులుంటారు అనుకుందాం. మూడు నాలుగులు పన్నెండు, దీన్నే సగటు లోడు అందాం. పన్నెండు బెడ్లు చాలుగా అంటారు ఎవరైనా. ఎర్లాంగ్ సూత్రంలో పెడితే పన్నెండు బెడ్లతో వచ్చినవాళ్లలో దాదాపు 20 శాతం మందిని తిప్పి పంపాల్సి వస్తుంది. అయిదుగురిలో ఒకరు. పదిహేను బెడ్లు వేస్తే అది 8.6 శాతానికి దిగుతుంది, పద్దెనిమిది వేస్తే 2.7కి.

ఇందులో అసలు చిక్కు వేరే ఉంది. పన్నెండు బెడ్లు ఉన్నప్పుడు రిజిస్టరు చూస్తే ఆక్యుపెన్సీ, అంటే సగటున నిండి ఉన్న బెడ్ల వాటా, 80 శాతమే ఉంటుంది. నెలాఖరు మీటింగులో ఆ 80 శాతం చూసి ‘ఇంకా ఇరవై శాతం ఖాళీగానే ఉందిగా, కొత్త బెడ్లెందుకు’ అంటారు. వెనక్కి పోయిన కేసులు రిజిస్టర్లో ఉండవు కదా. క్యాజువాలిటీ డెస్క్ దగ్గర ఒక నోటు పుస్తకం పెట్టి, బెడ్ లేదని చెప్పిన ప్రతి ఫోనూ, ప్రతి అంబులెన్సూ టైముతో రాయించండి. అది లేకుండా ఏ లెక్కా నిలబడదు.

మరి 85 శాతం ఆక్యుపెన్సీ మంచిదనే మాట ఎక్కడిది? 1999లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక అధ్యయనం ఎమర్జెన్సీ అడ్మిషన్లని కంప్యూటర్లో నడిపించి చూసి, 85 శాతం దాటితే ఇబ్బంది కనిపించడం మొదలవుతుందని, 90 దాటితే పడకల కొరత తరచూ వస్తుందని చెప్పింది. ఆ అంకె అప్పట్నుంచి ఊరూరా తిరుగుతోంది. పెద్ద ఆసుపత్రికి అది ఫర్వాలేదు. రెండు వందల బెడ్లకి సగటున 170 మంది రోగుల గిరాకీ ఉంటే తిప్పి పంపేది వెయ్యికి ఇద్దరినో ముగ్గురినో. అదే అంకెని పన్నెండు బెడ్ల ఐసీయూకి అంటగడితే కొంప మునుగుతుంది. యూనిట్ ఎంత చిన్నదైతే అంత ఎక్కువ ఖాళీ ఉంచుకోవాలి. ఆ ఖాళీని వృథా అనుకోవద్దు.

దీనికి సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. ఎక్సెల్‌లో పాయిసన్ డిస్ట్ (POISSON.DIST) అనే ఫంక్షన్ ఉంది. బెడ్ల సంఖ్య 12, సగటు లోడు 12 ఇచ్చి ఒకసారి క్యుములేటివ్ (అక్కడిదాకా అన్నీ కూడిన మొత్తం) లేకుండా, ఒకసారి క్యుములేటివ్‌తో రాసి, మొదటిదాన్ని రెండోదానితో భాగించండి. 0.1986 వస్తుంది. ఇంకో మంచి సంగతి, ఈ సూత్రానికి రోగులు ఉండే రోజుల సగటు ఒక్కటి తెలిస్తే చాలు. ఒకరు ఒక్క రోజులో వెళ్లిపోయి ఇంకొకరు పాతిక రోజులున్నా లెక్క మారదు.

ఇదే షీటుతో ఇంకో గొడవ కూడా తేల్చుకోవచ్చు, మెడికల్ ఐసీయూ, సర్జికల్ ఐసీయూ విడివిడిగా ఉండాలా, కలిపెయ్యాలా అన్నది. రెండింటికీ చెరో ఆరు లోడు, చెరో ఎనిమిది బెడ్లు ఉంటే 12 శాతం మంది వెనక్కి పోతారు. అవే పదహారు బెడ్లని అందరికీ కలిపి వాడితే 6 శాతమే. ఒక్క మంచం కొనకుండా సగానికి సగం తగ్గిపోయింది. నెహ్రూ బస్ స్టేషన్లో నాలుగు కౌంటర్లకి నాలుగు క్యూల బదులు ఒకే క్యూ పెట్టినట్టు. సర్జన్లు ఒప్పుకోరు, నిజమే. ఇన్ఫెక్షన్ భయం ఉంది, ‘నా బెడ్’ అనే పట్టూ ఉంది. మొదటిది నిజమైన అభ్యంతరం, ఐసోలేషన్ గదులు పక్కన పెట్టుకుని మాట్లాడాలి. రెండోదానికి ఈ 12, 6 అంకెలు చూపించండి.

ఈ సూత్రం ఎక్కడ పనికిరాదో కూడా చెప్పాలి. కేసులు ఎప్పుడొస్తాయో తెలియకుండా, ఒకదానికొకటి సంబంధం లేకుండా రావాలని ఇది నమ్ముకుంటుంది. యాక్సిడెంట్లు, గుండెపోట్లు అలాగే వస్తాయి. ముహూర్తం చూసుకుని చేయించుకునే సిజేరియన్లు అలా రావు. మంచి రోజున లేబర్ రూమ్ ముందు బంధువులు కిటకిటలాడతారు, అమావాస్య నాడు ఆపరేషన్ థియేటర్ (ఓటీ) బోసిపోతుంది. మంగళవారం డిశ్చార్జి వద్దు, బుధవారం పొద్దున్నే వెళ్తామనే కుటుంబాలూ ఉంటాయి. ముందే తేదీ తెలిసిన కేసులకి ఎర్లాంగ్ లాంటి క్యూ లెక్కల కంటే ఓటీ షెడ్యూలు సరిచేయడమే మందు. సర్జన్లందరూ సోమ, మంగళవారాల్లోనే పెద్ద కేసులు పెట్టుకుంటే బుధవారం ఐసీయూ నిండుతుంది. దానికి ఎమర్జెన్సీని తిట్టి లాభం లేదు.

బెడ్లు కొనేముందు డిశ్చార్జి టైము చూడండి

జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961లో నిరూపించిన చిన్న సూత్రం ఒకటుంది. లోపలున్న మనుషుల సంఖ్య, వచ్చే వేగాన్ని ఉండే సమయంతో గుణిస్తే వచ్చేదానికి సమానం. రోజుకి ఇరవై అడ్మిషన్లు, సగటున నాలుగున్నర రోజులు, అంటే తొంభై బెడ్లు నిండి ఉంటాయి. అంతే. కానీ దీన్ని డిశ్చార్జి మీద పెట్టి చూస్తే కళ్లు తెరుచుకుంటాయి.

పొద్దున పదింటికి డాక్టరు గారు రౌండ్స్‌లో ‘ఇంటికెళ్లొచ్చమ్మా’ అంటారు. అక్కడి నుంచి కేస్ షీటు ప్రయాణం మొదలవుతుంది. డ్యూటీ డాక్టర్ సమ్మరీ రాయాలి, ఆయన ఓటీలో ఉంటాడు. వాడని ఇంజెక్షన్లు ఫార్మసీకి రిటర్న్ వెళ్లాలి, వార్డు బాయ్ నాలుగు పేషెంట్లవి కలిపి ఒకేసారి తీసుకెళ్తాడు. ల్యాబ్ నుంచి చివరి బిల్లు రావాలి. ఇన్సూరెన్స్ అప్రూవల్ కోసం మెయిల్ పెట్టి ఎదురుచూడాలి. ఎన్టీఆర్ వైద్య సేవ కేసైతే, జనం నోట ఇంకా ఆరోగ్యశ్రీయే, ఫొటోలు, కాగితాలు అప్‌లోడ్ కావాలి. బెడ్ ఖాళీ అయ్యేసరికి సాయంత్రం నాలుగు. ఇరవై మంది డిశ్చార్జిలకి తలా ఆరు గంటలు, రోజుకి 120 బెడ్ గంటలు. ఇరవై నాలుగుతో భాగిస్తే ఐదు బెడ్లు. అంటే ఐదు మంచాల మీద రోజంతా కాగితాల కోసం ఎదురుచూసేవాళ్లే ఉన్నట్టు.

ముందురోజు సాయంత్రమే సమ్మరీ డ్రాఫ్టు సిద్ధం చేసి, ఫార్మసీ రిటర్న్స్‌ని రాత్రి డ్యూటీలోనే పూర్తి చేస్తే ఇందులో రెండు మూడు బెడ్లు వెనక్కొస్తాయి. నన్నడిగితే ఏ ఆసుపత్రైనా కొత్త బ్లాకు ప్లాను గీయించేముందు ఒక నెల పాటు ఈ నాలుగు టైములు రాసుకోవాలి: డాక్టరు చెప్పిన టైము, సమ్మరీ అయిన టైము, బిల్లు అయిన టైము, రోగి బెడ్ దిగిన టైము. చాలా హాస్పిటల్ సాఫ్ట్‌వేర్లలో బిల్లు టైము తప్ప మిగతావి సరిగా పడవు, కొన్నిచోట్ల రాత్రి పన్నెండు గంటలకి రోగుల్ని లెక్కపెట్టే సెన్సస్ ఒక్కటే ఉంటుంది. అర్ధరాత్రి సెన్సస్‌కి మధ్యాహ్నం పన్నెండు గంటల రద్దీ ఎప్పటికీ కనబడదు.

సిమ్యులేషన్ ఎప్పుడు?

క్యాజువాలిటీ, ఓటీ, ఐసీయూ, వార్డు ఒకదానికొకటి ముడిపడి ఉన్నప్పుడు పైన చెప్పిన సూత్రాలు చేతులెత్తేస్తాయి. వార్డులో బెడ్ లేక ఐసీయూ పేషెంటు అక్కడే ఉండిపోతాడు, ఐసీయూ ఖాళీ లేక ఆపరేషన్ వాయిదా పడుతుంది, క్యాజువాలిటీలో స్ట్రెచర్లు నిలిచిపోతాయి. అప్పుడు ఆసుపత్రినే కంప్యూటర్లో నడిపించి చూడాలి. ఎనీలాజిక్, ఎరీనా వంటివి డబ్బులకి దొరుకుతాయి, పైథాన్‌లో సిమ్‌పై, ఆర్‌లో సిమ్మర్ అనేవి ఉచితం (పైథాన్, ఆర్ రెండూ ప్రోగ్రామింగ్ భాషలు).

మన ప్రాంతంలో దీనికి గట్టి కారణం వరదలు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్ చుట్టుపక్కలంతా మునిగినప్పుడు రోగులు ఎలా వస్తారన్నదానితో పాటు స్టాఫ్ ఎలా వస్తారన్నదీ ప్రశ్నే. మూడో వంతు సిస్టర్లు రాలేని రోజున ఏ వార్డు మూసి ఏది నడపాలి? డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్ల కేసులు రెండింతలైతే? 2028లో కృష్ణా పుష్కరాలకి ఘాట్ల దగ్గరి ఆసుపత్రుల్లో క్యాజువాలిటీ ఎలా ఉండబోతుంది? ఇలాంటి ‘ఇదైతే ఏంటి’ ప్రశ్నలకి సిమ్యులేషన్‌ని మించింది లేదు.

కానీ యానిమేషన్ చూసి మోసపోవద్దు. చిన్న చిన్న బొమ్మలు మంచాల మధ్య తిరుగుతుంటే ఎవరికైనా ముచ్చటేస్తుంది. అమ్మేవాళ్లని ఒక్కటడగండి. పోయిన ఏడాది మా అడ్మిషన్లు పెడితే, పోయిన ఏడాది మా ఆక్యుపెన్సీ, మా వెయిటింగ్ టైములు వస్తున్నాయా? రాకపోతే వచ్చే ఏడాది గురించి అది చెప్పేదానికి విలువ లేదు. నూట యాభై పడకల లోపు, కొత్త బ్లాకు కట్టే ఆలోచన లేని ఆసుపత్రికి దీని మీద డబ్బు పెట్టమని నేను చెప్పను. కావాలంటే నాగార్జున యూనివర్సిటీలోనో చుట్టుపక్కల ఇంజనీరింగ్ కాలేజీల్లోనో స్టాటిస్టిక్స్, ఆపరేషన్స్ రీసెర్చ్ చదివే పిల్లలకి ప్రాజెక్టుగా ఇవ్వండి, రోగుల పేర్లు తీసేసిన డేటాతో.

డ్యూటీ చార్టు: సూపరింటెండెంట్ గారా, సాఫ్ట్‌వేరా?

ఇక్కడ వాడేది ఇంటీజర్ ప్రోగ్రామింగ్, అంటే నియమాలన్నీ పాటిస్తూ పూర్ణసంఖ్యల్లో మంచి జవాబు వెతికే లెక్క. నలభై మంది సిస్టర్లు, ముప్పై రోజులు, మూడు షిఫ్టులు, మొత్తం 3600 అవును, కాదు ప్రశ్నలు. ఎక్సెల్‌తో పాటు వచ్చే సాల్వర్ 200 చలరాశుల దగ్గరే ఆగిపోతుంది కాబట్టి దాంతో ఇది కాదు. ఓపెన్‌సాల్వర్, గూగుల్ ఓఆర్ టూల్స్ ఉచితం, ఈ సైజు సమస్యని మామూలు ల్యాప్‌టాప్ మీదే లాగుతాయి. నియమాలు రాసివ్వాలి: నైట్ దిగినవాళ్లకి మర్నాడు మార్నింగ్ వద్దు, ప్రతి షిఫ్టులో కనీసం ఒక సీనియర్, వారానికో ఆఫ్, వరుస నైట్లకి ఒక హద్దు.

చిక్కల్లా రాయని నియమాలతోనే. ఎవరు గర్భవతి, ఎవరి పిల్లాడికి టెన్త్ పరీక్షలు, రాత్రి ఎనిమిదికి డ్యూటీ దిగితే కంకిపాడు బస్సు ఎవరికి దొరకదు, ఏ ఇద్దరికి పడదు... ఇవన్నీ నర్సింగ్ సూపరింటెండెంట్ గారి బుర్రలో ఉంటాయి. పాతిక మంది లోపైతే ఆమె పెన్సిలూ రబ్బరే గెలుస్తాయి. నలభై దాటితే ఆమెకి నెలకి రెండు రోజులు ఇదే పనవుతుంది, టెన్షన్ వేరే. అప్పుడు మెషీన్ చేత ముసాయిదా వేయించి, మార్చే అధికారం పూర్తిగా ఆమెకే ఉంచండి.

మెషీన్ వల్ల అసలు లాభం సమయం ఆదా కూడా కాదు. ఎవరికెన్ని నైట్లు పడ్డాయి, ఎన్ని ఆదివారాలు పోయాయి, క్రిస్మస్‌కి ఎవరున్నారు, సంక్రాంతికి ఎవరున్నారు అన్నది గోడ మీద అందరికీ కనబడుతుంది. ‘ఎప్పుడూ నాకే వేస్తారు’ అనే మాటకి అంకెతో జవాబు దొరుకుతుంది, లేదా ఆ మాట నిజమేనని తేలుతుంది.

క్యాజువాలిటీకి ఇంకో చిట్కా. అక్కడ తెల్లవారుజామున రద్దీ తక్కువ, సాయంత్రం ఎక్కువ ఉండడం సహజం. మూడు షిఫ్టులకీ సమానంగా మనుషుల్ని పెట్టే బదులు, గంటవారీ రాకలు చూసి సాయంత్రం నాలుగు నుంచి అర్ధరాత్రి దాకా ఒక మధ్య షిఫ్టు వేస్తే అదే స్టాఫ్‌తో పని తేలికవుతుంది.

ఓపీ: టోకెనా, అపాయింట్‌మెంటా?

డాక్టరు గారి టైము పూర్తిగా నింపేయాలన్న ఆశే ఇక్కడ క్యూని పెంచుతుంది. హెచ్చుతగ్గులతో సగటున మనిషికి మూడు నిమిషాలు తీసుకునే ఒక రిజిస్ట్రేషన్ కౌంటరు 80 శాతం బిజీగా ఉంటే సగటు ఎదురుచూపు 12 నిమిషాలు. 90 శాతానికి 27, 95కి 57. చివరి అయిదు శాతం కోసం అరగంట ఎక్కువ నిలబెడుతున్నాం. రెండో కౌంటరు తెరిచే ఖర్చు దీని ముందు చిన్నదే.

అపాయింట్‌మెంట్ల మీద 1952లో బ్రిటన్‌లో బెయిలీ చేసిన పని ఇప్పటికీ దారి చూపిస్తుంది. మొదట ఇద్దరిని ఒకేసారి రమ్మనాలి, ఆ తర్వాత సగటు కన్సల్టేషన్ టైముకి ఒకరు చొప్పున. మన దగ్గర దీన్ని ఉన్నదున్నట్టు దించితే నడవదు. తిరువూరు నుంచో అవనిగడ్డ నుంచో మొదటి బస్సుకి దిగిన పెద్దాయనకి పన్నెండున్నర స్లాటు ఇస్తే ఆయన ఏడింటికే వచ్చి కూర్చుంటాడు. ఊళ్లోవాళ్లకి ఫోన్లో స్లాట్లు, బయటి ఊళ్లవాళ్లకి గంటవారీ టోకెన్లు అని రెండుగా చెయ్యడం మేలు. పది గంటల ఓపీకి డాక్టరు గారు పదిన్నరకి వస్తే మాత్రం ఏ పద్ధతైనా మట్టికొట్టుకుపోతుంది. ముందు ఆ అరగంట సంగతి చూడండి, లేదా ఓపీ టైమే పదిన్నర అని బోర్డు రాయించండి.

కొనేముందు అడగాల్సినవి

వెండర్ డెమోకి పిలిస్తే వాళ్ల డేటాతో చూపించనివ్వకండి. మీ మూడు నెలల డేటా ఇచ్చి దాంతోనే నడపమనండి. లెక్క ఎలా వచ్చిందో మీ అకౌంటెంట్‌కి అర్థమయ్యేలా చెప్పగలరా, నియమం మార్చాలంటే మీవాళ్లే మార్చుకోగలరా, ఒప్పందం అయిపోయాక డేటా ఎక్సెల్‌లో వెనక్కిస్తారా అని అడగండి. ఏఐ అనే మాట వినిపిస్తే అది ఎంతమంది రోగులొస్తారో ఊహించడానికా, ఉన్న స్టాఫ్‌ని సర్దడానికా అని తేల్చుకోండి. రెండూ వేరు వేరు పనులు, రెండింటికీ ఒకే రేటు కట్టనక్కర్లేదు. ఇవన్నీ చూసుకునే మనిషి ఒకరు మీ దగ్గర ఉండాలి, వారంలో ఒక పూటైనా వేరే పని పెట్టకూడదు. మెడికల్ రికార్డ్స్ విభాగంలో (ఎంఆర్‌డీ) ఎక్సెల్ బాగా వచ్చిన కుర్రాడో అమ్మాయో ఉంటారు చూడండి, బయటి కన్సల్టెంట్‌ కంటే ముందు వాళ్లని కదపండి.